నోరు పూస్తే వేడి చేసిందని ఊరుకోకండి: కీళ్లవాతం మందులు వాడేవాళ్ల ఇంట్లో ఏం చేసుకోవాలి

మా అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్. మేం ఉండేది గుంటూరు, చూపించుకునేది విజయవాడ సూర్యారావుపేటలో. మందు కొత్తగా మొదలైన నెల, మే ఎండల్లో, అమ్మకి నోరు పూసింది. కొత్తావకాయ కలిపిన రోజులు కాబట్టి ఇంట్లో అందరం వేడి చేసిందనే అనుకుని సబ్జా నీళ్లు, మజ్జిగ ఇస్తూ వచ్చాం. మూడో రోజుకి మంచినీళ్లు కూడా మింగలేకపోయింది, జ్వరం కూడా వచ్చింది. ఆసుపత్రిలో మందుల సంచి బోర్లించి చూస్తే అప్పుడు తెలిసింది, వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన కీళ్లవాతం మందు మెథోట్రెక్సేట్‌ని అమ్మ ఎనిమిది రోజులుగా రోజూ వేసుకుంటోంది. మందుల షాపులో కవరు మీద ‘రాత్రి 1’ అని మాత్రమే రాసిచ్చారు. తెల్లకణాలు బాగా పడిపోయాయి, దానికి విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి తొమ్మిది రోజులు ఉంచారు. అమ్మ కోలుకుంది. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదనే ఇది రాస్తున్నా.

ముందుగా మెథోట్రెక్సేట్‌కి ఒక రోజు ఖాయం చేయండి. మాది ఆదివారం. స్ట్రిప్ మీద మార్కర్‌తో ‘ఆదివారం మాత్రమే’ అని రాయండి, దాన్ని రోజూ వేసుకునే మందుల డబ్బాలో అసలు పెట్టకండి. దీనితో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కూడా చాలాసార్లు చిన్న పసుపు మాత్రే, పైగా కొన్ని కంపెనీల్లో రెండింటి పేర్లూ ‘ఫోల్’ అనే మొదలవుతాయి, చదువుకున్నవాళ్లు కూడా తికమకపడతారు. ఫోలిక్ యాసిడ్ ఏ రోజు వేసుకోవాలో డాక్టర్‌తోనే చీటీ మీద రాయించుకోండి. ఎప్పుడైనా ఆదివారం మర్చిపోతే, రెండు రోజుల్లోపు గుర్తొస్తే సాధారణంగా వేసుకోమంటారు, అది దాటితే ఆ వారం వదిలేయమంటారు. మీ డాక్టర్ మాట ముందే అడిగి రాసి పెట్టుకోండి. రెండు వారాల డోసు ఒకేసారి మాత్రం ఎప్పుడూ వేసుకోవద్దు.

తర్వాత ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తేదీ నుంచి, కొత్తగా ఏ ఇబ్బంది వచ్చింది, మాత్ర వేసుకున్న ఎన్ని గంటలకి వచ్చింది, ఇంతే. చర్మం మీద దద్దుర్లు వస్తే ఫోన్‌లో ఫొటో తీయండి, ఎందుకంటే డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి అవి తగ్గిపోయి ఉంటాయి, మనం మాటల్లో చెప్పలేం. అమ్మకి సోమవారాలే వికారంగా ఉంటోందని ఈ పుస్తకం వల్లే తెలిసింది. ఆ పేజీ చూపించాక డాక్టర్ మాత్రని రాత్రి భోజనం అయ్యాక వేసుకోమన్నారు, తగ్గకపోతే ఇంజెక్షన్‌కి మారుద్దామన్నారు. చాలామంది ఇలాంటి వికారానికే ఎవరికీ చెప్పకుండా మందు ఆపేస్తారు, రెండు మూడు నెలల్లో కీళ్లు మళ్లీ వాచిపోతాయి.

వికారం, నీరసం, కాస్త జుట్టు రాలడం లాంటివి వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగి చెప్పుకోవచ్చు. నోరు పూయడం, జ్వరం, పొడి దగ్గుతో ఆయాసం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, కళ్లు పచ్చబడటం, ఇవి కనిపిస్తే తర్వాతి డోసు వేసుకోకుండా అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి, దొరక్కపోతే ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం ఎక్కువగా ఉంటే 108కి ఫోన్ చేయండి.

మన ఊళ్ల ఎండ సంగతి కూడా చెప్పాలి. మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గితే మందు లోపలే నిలిచిపోయి విషంలా మారుతుంది, అలాంటప్పుడు ఆ వారం డోసు వేసుకునే ముందు డాక్టర్‌ని అడగాలి. షాపులో సొంతంగా కొనే నొప్పి మాత్రలు కూడా కిడ్నీల మీద భారమే. యూరిన్ ఇన్ఫెక్షన్‌కనో విరేచనాలకనో ఎవరైనా సెప్ట్రాన్ అనే యాంటీబయోటిక్ రాస్తే, మెథోట్రెక్సేట్ వాడుతున్నామని గట్టిగా చెప్పండి, ఆ రెండూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. మద్యం తాగే అలవాటు ఉంటే దాచకండి, లివర్‌కి సంబంధించిన విషయం.

రక్త పరీక్షలు మానొద్దు. మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, కుదురుకున్నాక రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, లివర్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూస్తారు. కొత్తపేటలో ల్యాబులకి కొదవ లేదు, కానీ వీలైతే ఒకే ల్యాబులో చేయించి రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టండి. అన్నీ నార్మల్ పరిధిలోనే ఉన్నా కణాల సంఖ్య నెలనెలా దిగుతుంటే అలా పక్కపక్కన పెట్టినప్పుడే కనిపిస్తుంది.

స్టెరాయిడ్ విషయంలో నాకు చాలా భయం. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోవాలి, షుగర్, బీపీ చూసుకుంటూ ఉండాలి, ఎముకలకి కాల్షియం, విటమిన్ డి అడగాలి. మూడు వారాలు దాటి వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపకూడదు, ఎందుకంటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి తగ్గిపోయి ఉంటుంది, బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. పల్లెల్లో అమ్మే పేరులేని వాతం పొడులు రెండు రోజుల్లో నొప్పి మాయం చేస్తే అనుమానించండి, అలాంటి కొన్నింట్లో స్టెరాయిడ్ కలిపినట్టు పరీక్షల్లో బయటపడింది. ఇప్పటికే వాడుతున్నారా, ఆ పొట్లం తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి, తిడతారని దాచొద్దు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ కాస్త నెమ్మదైన మందు, ఒంట్లోని రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే దాడి చేసే లూపస్ జబ్బుకి ప్రాణాధారం లాంటిది. రోజు డోసు బరువులో కిలోకి 5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, అందుకే బాగా చిక్కిపోతే చెప్పాలి. మొదట్లో ఒకసారి రెటీనా పరీక్ష, ఐదేళ్ల తర్వాత ఏటా ఒకసారి, కిడ్నీ సమస్య ఉంటే ఇంకా ముందు నుంచే. చూపు బాగానే ఉందని మానేయకండి, చూపు తేడా తెలిసేసరికి జరిగిన నష్టం వెనక్కి రాదు. కీళ్లవాతానికే ఇచ్చే సల్ఫాసలాజిన్‌తో మూత్రం నారింజ రంగులో రావడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. మామూలు మందులకి జబ్బు అదుపులోకి రాకపోతే ఇచ్చే బయోలాజిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి, ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే సిగ్గుపడకుండా చెప్పేయండి.

పెళ్లయిన, పెళ్లికి ఉన్న ఆడపిల్లల సంగతి ఇంకా ముఖ్యం. మెథోట్రెక్సేట్, ఇలాంటి జబ్బులకే వాడే లెఫ్లునమైడ్, మైకోఫెనొలేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తాయి. పిల్లల కోసం అనుకునే కొన్ని నెలల ముందే డాక్టర్‌తో మాట్లాడి మందు మార్పించుకోవాలి, లెఫ్లునమైడ్ అయితే ఆపాక కూడా చాలాకాలం ఒంట్లో ఉంటుంది. భయంతో అన్నీ మానేయడమూ తప్పే, హైడ్రాక్సీక్లోరోక్విన్‌ని గర్భంలో కూడా కొనసాగించమంటారు. అత్తగారింట్లో జబ్బు సంగతి చెప్పలేక మందులు దాచుకునే పిల్లలు ఉంటారు. తల్లిదండ్రులూ, ఆ మాట మీరే ముందుగా చెప్పండమ్మా.

మందు వల్ల ఏదైనా గట్టి ఇబ్బంది వస్తే మనం కూడా ప్రభుత్వానికి తెలపొచ్చు. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసుకునే దేశవ్యాప్త ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. మందు పేరు, బ్యాచ్ నంబరు, తేదీలు అడుగుతారు, కాబట్టి ఖాళీ అయిన స్ట్రిప్ అప్పుడే పారేయకండి, నోటుపుస్తకంలోనే పెట్టి ఉంచండి.