ఒక సైన్యాధికారి కెరీర్ మీద నోట్స్ ఎలా రాయాలి

చెన్నై అన్నానగర్‌లో సివిల్స్‌కి చదివే మన తెలుగు పిల్లలకు ఆదివారాలు ప్రపంచ చరిత్ర చెబుతుంటాను. నియంతల పాఠం రాగానే నోట్స్‌లో "క్రూరుడు" అని ఒక ముక్క రాసి పేజీ తిప్పేస్తారు. అది చాలదు. అర్జెంటీనా జనరల్ లూసియానో బెంజమిన్ మెనెండెజ్‌ను తీసుకుని నా పద్ధతి చెబుతాను.

ముందు పదవి రాయండి. పక్కనే అతని చేతికింద ఉన్న ప్రాంతం రాయండి. 1975 నుంచి 1979 దాకా అతను మూడో సైనిక కోర్‌కు కమాండర్. కేంద్రం కోర్డోబా నగరం, పరిధి పది రాష్ట్రాలు. 1976 మార్చి 24న సైన్యం అధికారం లాక్కునే నాటికే ఆ కుర్చీలో ఉన్నాడు. మ్యాప్ గీసి, కోర్డోబా పక్కన లా పెర్లా అనే రహస్య నిర్బంధ కేంద్రాన్ని గుర్తించండి. అక్కడ వందలమందిని చిత్రహింసలు పెట్టారు, చంపారు, శవాలు కూడా దొరక్కుండా చేశారు. అతను స్వయంగా ఎవరినైనా కొట్టాడా అని వెతుక్కుంటూ కూర్చోవద్దు. ఆ చోటు ఎవరి ఆజ్ఞతో నడిచిందో రాయండి. కోర్టులు అతన్ని పట్టుకున్నది ఈ దారిలోనే. కాబట్టి సగం పేజీ దీనికే ఇవ్వండి.

1976 ఏప్రిల్ 29 కూడా రాసుకోండి. ఆ రోజు కోర్డోబాలో అతని కింది దళాలు పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టాయి. ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే వెళ్ళే మీకు ఆ నష్టం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 1979లో పై అధికారి మీద తిరగబడి పదవి పోగొట్టుకున్నాడు, దానికి ఒక్క లైను చాలు.

1983లో ప్రజాస్వామ్యం రాగానే దయచేసి ఆపేయకండి. 1986, 1987 చట్టాలు సైనికుల మీద విచారణలకు అడ్డుపడ్డాయి. అధ్యక్షుడు మెనెమ్ క్షమాభిక్ష మెనెండెజ్‌ను కాపాడింది. 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టాలను కొట్టేసింది. 2008లో మొదటి యావజ్జీవ శిక్ష, 2016లో లా పెర్లా కేసులో మరొకటి. 2018 ఫిబ్రవరిలో చనిపోయేసరికి అలాంటి శిక్షలు పదికి పైనే.

ఈ తేదీల పక్క మార్జిన్‌లో, కేసు చల్లారకుండా చూసింది ఎవరో రాయండి: పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు, మనవల కోసం వెతికిన అమ్మమ్మలు, నానమ్మలు, బతికి బయటపడి కోర్టులో నిలబడ్డ సాక్షులు. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యం వీళ్ళే. 150 పదాల జవాబులో చోటు చాలకపోతే అతని పుట్టుక, చదువు, పతకాలు తీసేయండి, వీళ్ళని మాత్రం ఉంచండి.