సెకండ్ హ్యాండ్ లగ్జరీ వాచీ: డబ్బు చేతులు మారకముందే చూసుకోవాల్సినవి

2021 నవంబరులో జెనీవాలో జరిగిన ఒక వేలంలో పాత ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. 1957లో మొదటిసారి వచ్చిన స్పీడ్‌మాస్టర్ మోడల్ అది. కొన్నది ఒమేగా కంపెనీయే, తన మ్యూజియం కోసం. రెండేళ్ళు తిరక్కుండానే, 2023లో, కంపెనీ అసలు సంగతి బయటపెట్టింది: వేర్వేరు వాచీల నుంచి తెచ్చిన భాగాలతో కూర్చిన వాచీ అది, ఈ వ్యవహారంలో తమ మాజీ ఉద్యోగుల పాత్ర కూడా ఉంది అని.

తయారుచేసిన కంపెనీ కళ్ళే కప్పగలిగారు. ఇక ఫోన్‌లో నాలుగు ఫోటోలు చూసి, ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బు పంపేయబోతున్న మనిషిని తలచుకుంటే నాకు నిజంగా భయం వేస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనడం తప్పేం కాదు. మంచి మెకానికల్ వాచీని వేళకి సర్వీస్ చేయిస్తే యాభై ఏళ్ళయినా నడుస్తుంది. కాకపోతే చూడాల్సినవన్నీ డబ్బు కట్టకముందే చూడాలి, ఆ తర్వాత చూసి లాభం లేదు.

అందరూ అడిగేది "ఇది ఒరిజినలా, డూప్లికేటా?" అని. ఆ ఒక్క ప్రశ్న సరిపోదు. కేస్, అంటే బయటి లోహపు డొక్కు, అసలుదే అయ్యుండి డయల్ మళ్ళీ రంగు వేసింది కావచ్చు. లోపలి మిషన్, అంటే మూవ్‌మెంట్, కంపెనీదే అయ్యుండి ముళ్ళు ఇంకో వాచీవి కావచ్చు. మా బావగారికి జరిగింది ఇదే. పెట్టె ఉంది, గ్యారంటీ కార్డు ఉంది, నంబరు కూడా సరిపోయింది. ఏడాది తర్వాత సర్వీస్‌కి ఇస్తే, మూవ్‌మెంట్ అసలుదే గానీ డయల్, బెజెల్ (అద్దం చుట్టూ ఉండే చట్రం) రెండూ బయట చేయించినవని తేలింది. వాటిని మారిస్తే తప్ప సర్వీస్ చేసేది లేదని వాచీ వెనక్కి ఇచ్చేశారు. అమ్మినవాడు అప్పటికే ఫోన్ ఎత్తడం మానేశాడు. అందుకని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఈ వాచీలో ప్రతి భాగమూ ఒకే మోడల్‌కి, ఒకే కాలానికి చెందిందేనా?

చూడ్డానికి వెళ్ళేముందు

ముందు ఆ మోడల్ నంబరు కనుక్కుని, ఆ మోడల్ ఏ ఏళ్ళలో వచ్చింది, ఏ లోహంలో వచ్చింది, లోపల ఏ మూవ్‌మెంట్ ఉంటుంది అన్నవి చదువుకోండి. ఒక సాయంత్రం పడుతుంది, అంతే. ఈ చదువుతోనే చాలా నకిలీలు పడిపోతాయి. ఉదాహరణకి రోలెక్స్ డే-డేట్ బంగారంలో, ప్లాటినంలో మాత్రమే అమ్మకానికి వస్తుంది. ఎవరైనా స్టీల్ డే-డేట్ చూపిస్తే ఇక మాట్లాడేదేం లేదు. రోలెక్స్‌దే సబ్‌మరీనర్‌కి వెనక లోపలి మిషన్ కనపడే గాజు మూత ఉండదు. రోలెక్స్ డేటోనాలో చిన్న డయల్స్ వారాన్ని, తేదీని చూపిస్తున్నాయంటే అది డేటోనా కాదు. అవి స్టాప్‌వాచ్ నిమిషాలు, గంటలు లెక్కపెట్టడానికీ, మామూలు సెకన్లు చూపడానికీ ఉన్నవి. ఓడెమార్ పీగే రాయల్ ఓక్ ముందు భాగంలో కనపడే ఎనిమిది స్క్రూల గాడులు బెజెల్ గుండ్రాన్ని అనుసరిస్తూ ఒకే వరసలో ఉంటాయి. తలో దిక్కుకి తిరిగి ఉంటే అనుమానించాలి. కార్టియర్ రోమన్ అంకెల డయల్స్ చాలావాటిలో ఒక అంకె గీతలో, ఎక్కువగా ఏడులోనో పదిలోనో, కంపెనీ పేరు సన్నగా దాగి ఉంటుంది.

అమ్మేవాళ్ళని ఒక ఫోటో అడగండి: వాచీ పక్కన కాగితం మీద మీ పేరు, ఆ రోజు తేదీ చేత్తో రాసి పెట్టి తీసింది. వాచీ నిజంగా వాళ్ళ చేతిలో ఉంటే రెండు నిమిషాల పని. దీనికి సాకులు చెప్పేవాళ్ళతో, "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, ఇవాళే అడ్వాన్సు వేయండి" అని తొందరపెట్టేవాళ్ళతో బేరం వద్దు. ధర మరీ తక్కువగా ఉందంటే దానికి ఒక కారణం ఉంటుంది, ఆ కారణం మీకు చెప్పరు.

డయల్ దగ్గర ఎక్కువసేపు ఆగండి

పదింతలు పెద్దదిగా చూపే లూప్ ఒకటి కొనుక్కోండి, వాచీ మెకానిక్‌లు కంటికి పెట్టుకునేలాంటిది. దాంతో అక్షరాల అంచులు చూడండి. అసలు డయల్ మీద అచ్చు నిండుగా, అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి. రంగు కారినట్టు, అక్షరాల మధ్య ఎడం ఎక్కువ తక్కువగా ఉంటే మళ్ళీ అచ్చు వేసిన డయల్ కావచ్చు. గంట గుర్తులు వంకరగా ఉన్నాయా, ముళ్ళ అంచుల్లో గరుకు ఉందా, అద్దం కింద దుమ్ము రేణువు ఉందా చూడండి.

పాత వాచీల్లో చీకట్లో మెరిసే పూత చాలా సంగతులు చెబుతుంది. ఇది చాలామంది దాటేసి వెళ్ళిపోయే విషయం. సుమారు 1960ల మొదటి దాకా రేడియం వాడారు, ఆ తర్వాత దాదాపు 1998 దాకా ట్రిటియం. ట్రిటియం డయల్ మీద ఆరు అంకె కింద 'స్విస్' అన్న మాటకి అటూ ఇటూ 'టీ' అక్షరం ఉండటం మామూలు. ట్రిటియం ప్రతి 12 ఏళ్ళకు కొంచెం పైన సగానికి తగ్గిపోతుంది. అంటే నలభై ఏళ్ళ కిందటి డయల్‌లో మిగిలేది దాదాపు పదో వంతే. అలాంటి డయల్ గదిలో లైటు ఆపగానే పచ్చగా వెలిగి గంటల తరబడి మెరుస్తూనే ఉంటే, ఆ పూత కొత్తది. డయల్ మీది చుక్కలు మీగడ రంగుకి తిరిగి, ముళ్ళలోది మాత్రం తెల్లగా మెరుస్తుంటే ముళ్ళు మార్చారన్నమాట. ఇదంతా మోసమే అనలేం, కంపెనీ సర్వీస్‌లోనే మార్చి ఉండొచ్చు. కానీ అమ్మేవాళ్ళు ఆ మాట ముందే చెప్పి ఉండాలి, ధరా ఆ మేరకు తగ్గాలి.

ఒక్క హెచ్చరిక. రేడియం వెలుగు పోయినా రేడియోధార్మికత పోదు, అది సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. అలాంటి పాత వాచీ మూత ఇంట్లో మీరే తీయకండి, ఆ పూతని గీకకండి. రాలే పొడి ఊపిరిలోకి పోకూడదు.

సెకన్ల ముల్లు సాఫీగా తిరిగితే అసలుదని ఒక నమ్మకం ఉంది. దాన్ని వదిలేయండి. ఈ కాలపు రోలెక్స్ మూవ్‌మెంట్ గంటకి 28,800 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి 8 చిన్న అడుగులు. ఫస్ట్ కాపీల్లో కూడా ఇదే వేగంతో నడిచే మిషన్లు పెడుతున్నారు. ఇంకోవైపు, చేత్తో కీ ఇచ్చే పాత స్పీడ్‌మాస్టర్ 861 మూవ్‌మెంట్ వేగం 21,600. అది అసలుదే అయినా ముల్లు కాస్త కుదుపుగా కనిపిస్తుంది. తేదీ మీది భూతద్దం సంగతీ అంతే. రోలెక్స్‌లో అది తేదీని రెండున్నర రెట్లు పెద్దది చేస్తుంది. చౌక నకిలీల్లో అంకె చిన్నగా కనపడేది, ఇప్పటి నకిలీల్లో ఆ తేడా కూడా సరిచేసేశారు. ఇలాంటివి తప్పితే వాచీని పక్కన పెట్టడానికి పనికొస్తాయి, సరిపోతే మాత్రం ఏమీ రుజువు కాదు.

నంబరు, కార్డు, పెట్టె

రోలెక్స్ సీరియల్ నంబరు పాతవాటిలో ఆరు అంకె వైపు, చైను తగిలే కొమ్ముల మధ్య కేస్ మీద ఉంటుంది. చైను విప్పితేగానీ కనపడదు. 2000ల మధ్య నుంచి అద్దం లోపలి అంచు మీదికి మారింది. గీతలు సన్నగా, లోతుగా, శుభ్రంగా ఉండాలి. ఇసుక చల్లినట్టు మసకగా ఉంటే ఆగండి. అలాగని నంబరు కార్డుతో సరిపోయిందని సంతోషపడొద్దు. నకిలీ చేసేవాళ్ళు అసలు వాచీ నంబరునే ఎత్తి చెక్కుతారు, కార్డుని కూడా అచ్చు వేస్తారు. ఖాళీ పెట్టెలు, పాత కార్డులు విడిగా అమ్ముడవుతూనే ఉంటాయి. నా దృష్టిలో పెట్టె విలువ పెట్టెదే. పాత సర్వీస్ బిల్లులు ఉంటే వాటికి ఎక్కువ విలువ ఇస్తాను.

వెనక మూత తీయించండి

ఇన్ని చెప్పినా, నేను గట్టిగా పట్టుబట్టేది దీని గురించే. ఆ బ్రాండ్ వాచీలు బాగు చేసిన అనుభవం ఉన్న మెకానిక్‌ని మీరే వెతుక్కుని, అమ్మేవాళ్ళని అక్కడికి రమ్మనండి. మెకానిక్ మీ మనిషై ఉండాలి, అమ్మేవాళ్ళు చూపించినవాడు కాకూడదు. సరైన పనిముట్టుతో మూత తీస్తే కేస్‌కి ఏమీ కాదు. "మూత తీస్తే నీళ్ళు దిగుతాయి" అంటే, రబ్బరు వాషర్ మార్పించి, నీళ్ళు దిగవని తేల్చే ప్రెషర్ టెస్ట్ చేయించే ఖర్చు మేమే పెట్టుకుంటామని చెప్పండి. అప్పటికీ ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే, లేచి వచ్చేయండి.

లోపల మూవ్‌మెంట్ నంబరు ఆ మోడల్‌కి, ఆ ఏడాదికి సరిపోవాలి. రోలెక్స్ 3135 మూవ్‌మెంట్ 1988లో వచ్చింది, 3235 వచ్చింది 2015లో. 2008 నాటిదని చెప్పే వాచీలో 3235 ఉంటే కథ ఎక్కడో తెగింది. 3135లో వేగం సరిచేసే లివర్ ఉండదు, అటూ ఇటూ ఊగుతూ వాచీని నడిపించే బ్యాలెన్స్ చక్రానికి బిగించిన మైక్రోస్టెల్లా అనే చిన్న నట్లతోనే సర్దుతారు. చౌక నకిలీలో లివర్ కనపడిపోతుంది. సూపర్ క్లోన్‌లు అనే కొత్త మేలురకం నకిలీలు ఆ రూపాన్ని కూడా అనుకరిస్తున్నాయి కాబట్టి ఫోటో తీసి, నమ్మకమైన అసలు మూవ్‌మెంట్ ఫోటో పక్కన పెట్టి స్క్రూ స్క్రూ పోల్చి చూడమనండి.

అక్కడే, వాచీ టిక్ టిక్ విని నడక కొలిచే టైమ్‌గ్రాఫర్ యంత్రం మీద కూడా పెట్టించండి. ఇది ముఖ్యంగా ఆరోగ్య పరీక్ష. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి ఉంచితే యాంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ చక్రం ఎంత దూరం ఊగుతోందన్న కొలత, సుమారు 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉండటం బాగున్నట్టు. 220 దగ్గర ఊగిసలాడుతుంటే సర్వీస్ ఖర్చుని ధరలో లెక్కేసుకోండి. యంత్రంలో లిఫ్ట్ యాంగిల్, అంటే ఆ మూవ్‌మెంట్‌కి తగ్గట్టు ముందే పెట్టాల్సిన కోణం, సరిగ్గా పెట్టారా అని అడగండి. రోలెక్స్ 3135కి అది 52 డిగ్రీలు, ఒమేగా కో-యాక్సియల్ రకం మూవ్‌మెంట్‌కి 38. తప్పు పెడితే యాంప్లిట్యూడ్ అంకె తప్పుగా వస్తుంది.

బంగారు వాచీ అయితే ముద్ర చూసి ఊరుకోకుండా, ఎక్స్-రే కిరణాలతో లోహాన్ని తేల్చే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం మీద పరీక్ష చేయించండి, గీత కూడా పడదు. 18 క్యారెట్ అంటే వెయ్యిలో 750 వంతులు బంగారం. కేస్ అంత చూపించి చైను తక్కువ చూపిస్తే, చైను బయటిది. వజ్రాలు పొదిగి ఉంటే ఆ మోడల్ కంపెనీ నుంచే అలా వచ్చిందా అన్నది తేల్చుకోవాలి. బయట పొదిగించినవి వాచీ విలువని తగ్గిస్తాయి.

దొంగ సొత్తు కాదు కదా?

అసలు వాచీయే అయినా ఎవరి దగ్గరో కొట్టేసింది కావచ్చు. పోయిన, దొంగిలించిన వాచీల నంబర్లు నమోదు చేసే ది వాచ్ రిజిస్టర్, ఎన్‌క్వైరస్ లాంటి జాబితాలున్నాయి. సీరియల్ నంబరు ముందే అడిగి తీసుకుని అక్కడ వెతకండి. నంబరు గీకేసి ఉంటే ఎంత ముచ్చటపడ్డా వద్దు.

డబ్బు కట్టేటప్పుడు

అమ్మిన మనిషి గుర్తింపు కార్డు నకలు, సంతకంతో రసీదు తీసుకోండి. రసీదులో మోడల్ నంబరు, సీరియల్ నంబరు, "అన్ని భాగాలూ కంపెనీవే, కాదని తేలితే పూర్తి డబ్బు వాపసు" అన్న వాక్యం, దానికి గడువు రాయించండి. ఏ భాగమైనా మార్చి ఉంటే అదీ రాయాలి. దూరం నుంచి కొంటుంటే వాచీ చేరి పరీక్ష అయ్యేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఆగే ఎస్క్రో పద్ధతి తప్ప ఇంకో దారి ఎంచుకోకండి. పార్సిల్ విప్పేటప్పుడు సీలు దగ్గర నుంచి సీరియల్ నంబరు కనపడేదాకా ఆపకుండా వీడియో తీయండి. చేరిన ఆ వారంలోనే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి, వాపసు గడువు దాటాక అనుమానం వస్తే ఎవరూ వినరు.