గ్యాస్ పైపులైను పక్కన ఊరు: లీకైతే ముందు ఏం చేయాలి, తర్వాత ఎవరిని అడగాలి

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని మామిడికుదురు మండలం నగరం గ్రామంలో, తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్లే గెయిల్ పైపులైను లీకై, ఆ గ్యాస్ ఇళ్ల మధ్య పరుచుకున్నాక అంటుకోవడంతో ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరు, కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే తేలికపాటి ద్రవ ఇంధనం) కలిసిన గ్యాస్ పంపడం వల్ల లోపలి నుంచి తుప్పు పట్టిందని విచారణలో తేలింది. తుప్పును ఆపడం ఊరివాళ్ల చేతిలో లేదు. లీకుకూ మంటకూ మధ్య దొరికే కాస్త వ్యవధిలో ఏం చేయాలన్నది మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది.

వాసన వస్తే చూద్దాంలే అనుకోవడం మొదటి పొరపాటు. సహజవాయువుకు సొంత వాసన లేదు. ఇళ్లకు ఇచ్చే గ్యాస్‌లో కంపు కొట్టే మెర్‌కాప్టాన్ కలుపుతారు గానీ, ఊళ్లు దాటి పోయే పెద్ద లైన్లలో సాధారణంగా కలపరు. కాబట్టి ముక్కు కన్నా కంటినీ చెవినీ నమ్ముకోవాలి: బుసకొట్టే చప్పుడు, చేలో నిలిచిన నీటిలో ఆగకుండా లేచే బుడగలు, ఎగిరిపడే మట్టి, లైను వెంబడి మాత్రమే పసుపుబారి వాడిన పైరు, కారణం లేకుండా నేల మీద తేలే పొగమంచు. సహజవాయువు గాలి కన్నా తేలిక కనుక పైకి పోతుందన్న ధీమా కూడా పనికిరాదు, ఎందుకంటే కండెన్సేట్ ఆవిరి బరువుగా ఉండి నేలబారున పాకుతుంది. గాలిలో మీథేన్ సుమారు 5 నుంచి 15 శాతం ఉన్నప్పుడు చిన్న రవ్వ చాలు.

అనుమానం రాగానే పొయ్యి వెలిగించకూడదు, లైటు స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నదాన్ని తీయకూడదు, బండి స్టార్ట్ చేయకూడదు. గాలి మీ ముఖానికి తగిలే దిక్కుగా, లేదా గాలికి అడ్డంగా, నడిచే వెళ్లిపోవాలి. ఫోను దూరం పోయాకే తీయాలి. లైను వెంట పాతిన గుర్తురాయి మీద కంపెనీ అత్యవసర నంబరు, కిలోమీటరు సంఖ్య ఉంటాయి. ఆ రెండూ ఇవాళే ఫోనులో రాసి పెట్టుకోండి, ఎందుకంటే గ్యాస్ చిమ్ముతున్నప్పుడు రాయి దగ్గరికి వెళ్లి చదవడం కుదరదు. కంపెనీకి, తర్వాత 112కు గానీ అగ్నిమాపక శాఖ 101కు గానీ చెప్పాలి. వాల్వును మీరు తిప్పవద్దు, మంట మీద నీళ్లు పోయవద్దు. వాల్వులు మూశాక కూడా వాటి మధ్య మిగిలిన గ్యాస్ అయిపోయేదాకా మంట మండుతుంది. సరఫరా ఆగకముందే మంట ఆర్పితే గ్యాస్ మళ్లీ పోగుపడి పేలుతుంది. ఫైరింజను వచ్చి కూడా మంటను వదిలేసి చుట్టుపక్కల ఇళ్లను తడుపుతుంటే అది నిర్లక్ష్యం కాదు.

ఇక బాధ్యతల సంగతి. 2006 నాటి చట్టంతో ఏర్పడిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి 2010లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ప్రతి పైపులైను సంస్థకూ అత్యవసర ప్రణాళిక ఉండాలి, మాక్ డ్రిల్లులు జరపాలి. సంస్థ చేయి దాటిపోయిన ప్రమాదంలో, విపత్తు నిర్వహణ చట్టం 2005 కింద జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు అధ్యక్షుడైన కలెక్టరు ముందుకొస్తారు. మీ ఊళ్లో చివరిసారి మాక్ డ్రిల్లు ఎప్పుడు జరిగిందో గ్రామసభలో అడిగి, జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించండి; నోటిమాటగా అడిగినది నోటిమాటగానే పోతుంది.

రైతు వైపు నుంచీ ఒక కట్టుబాటు ఉంది. 1962 నాటి పైపులైన్ల చట్టం 9వ సెక్షన్ ప్రకారం లైను పోయే పట్టీలో సాగు చేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టడం, బావి, చెరువు తవ్వడం, చెట్లు నాటడం కుదరదు. కొబ్బరిమొక్కకూ, రొయ్యల చెరువుకూ ఇది వర్తిస్తుందని చాలామంది గుర్తించరు. ఆ పక్కన ఎక్కడ పొక్లెయిన్ దించాలన్నా ముందు కంపెనీకి తెలియజేయాలి. ఇందుకోసం కేంద్రం 2023లో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్ కూడా తెచ్చింది.

నష్టం జరిగిపోతే, ప్రజా బాధ్యత బీమా చట్టం 1991 కింద, తప్పు ఎవరిదో నిరూపించే పని లేకుండానే కలెక్టరుకు దరఖాస్తు పెట్టవచ్చు. గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి అయిదేళ్లు. ఆసుపత్రి కాగితాలు, ఎఫ్‌ఐఆర్ నకలు, కాలిపోయిన చెట్ల లెక్కతో రెవెన్యూవారు రాసిన పంచనామా జతచేయాలి, అందుకే ఆ లెక్క పూర్తయ్యేదాకా కాలిన మోడులను నరికించకండి.