లిబ్రేఆఫీస్ బేస్‌లో ఉన్న మీ డేటాను ఇప్పుడే బయటికి తీసి పెట్టుకోండి

ముందు మీ బేస్ (లిబ్రేఆఫీస్‌లోని డేటాబేస్ ప్రోగ్రామ్) ఫైలు తెరిచి కింద స్టేటస్ బార్ చూడండి. అక్కడ "ఎంబెడెడ్ డేటాబేస్" అనీ, పక్కనే "హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ ఎంబెడెడ్" అనీ ఉంటే ఈ గైడ్ మీ కోసమే. లైబ్రరీ సభ్యుల పట్టిక అయినా, షాపు బాకీల లెక్క అయినా, ట్యూషన్ పిల్లల ఫీజుల లిస్టు అయినా, మీ డేటా అంతా ఒకే ఓడీబీ ఫైల్లో, ఎప్పుడో పాతబడిపోయిన హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ అనే ఇంజిన్ (డేటాను దాచి, అడిగినప్పుడు తీసిచ్చే ప్రోగ్రామ్) చేతిలో ఉందని అర్థం.

ఎంత పాతదంటే, 2005లో ఓపెన్ఆఫీస్ (లిబ్రేఆఫీస్‌కి మాతృక) 2.0తో పాటు బేస్ వచ్చినప్పుడు అందులో పెట్టింది హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ 1.8. ఆ ఇంజిన్ తయారుచేసేవాళ్లు 2010లోనే 2.0 విడుదల చేసి ముందుకెళ్లిపోయారు, బేస్ లోపల మాత్రం ఇప్పటికీ 1.8 వరుసే నడుస్తోంది. దాని బదులు ఫైర్‌బర్డ్ అనే ఇంకో ఇంజిన్ పెడదామని 2014లో లిబ్రేఆఫీస్ 4.2లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు, 2018లో 6.1 వచ్చేసరికి పాత ఇంజిన్‌కి కాలం చెల్లిందని ప్రకటించి డేటా మార్చే ఏర్పాటూ ఇచ్చారు, కానీ తేదీలు, దశాంశాల దగ్గర బగ్గులు బయటపడుతూ ఉండటంతో ఆ పని పూర్తికాలేదు. రైటర్ (డాక్యుమెంట్లకి), కాల్క్ (స్ప్రెడ్‌షీట్లకి) మీద పనిచేయడానికి డబ్బిచ్చే కంపెనీలు ఉన్నాయి, బేస్‌కి అలాంటి కస్టమర్లు దాదాపు లేరు. బ్రౌజర్‌లో నడిచే లిబ్రేఆఫీస్ రూపమైన కొలాబొరా ఆన్‌లైన్‌లో అయితే బేస్ అసలే లేదు. ఉచితంగా దొరికే ఆఫీస్ సూట్‌లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌కి బదులుగా నిలబడగలిగిన భాగాన్ని ఇలా వదిలేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే దాని ఫారమ్‌లు, క్వెరీలు ఇవాళ్టికీ బాగా పనికొస్తాయి. సమస్య డేటా దాచే చోటే.

ఓడీబీ అంటే నిజానికి ఒక జిప్ ఫైలు. టేబుళ్లు, ఫారమ్‌లు, రిపోర్టులు అన్నీ అందులోనే. ఫారమ్‌లో రికార్డు సేవ్ చేస్తే అది ఇంజిన్‌కి చేరుతుంది గానీ జిప్ ఫైల్లోకి ఎక్కేది బేస్ మెయిన్ విండోలో సేవ్ కొట్టినప్పుడో, బేస్‌ని మామూలుగా మూసినప్పుడో మాత్రమే, కాబట్టి మధ్యలో కరెంటు పోయినా, ప్రోగ్రామ్ క్రాష్ అయినా ఆ పూట ఎంట్రీలు పోవచ్చు, ఒక్కోసారి ఫైలే తెరుచుకోదు.

బ్యాకప్‌తో మొదలుపెట్టండి. బేస్ మూసేసి ఓడీబీ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తర్వాత ఫైలు తెరిచి టూల్స్ మెనూలో ఎస్‌క్యూఎల్ విండోకి వెళ్లి, స్క్రిప్ట్ అనే కమాండ్‌ని ఇంగ్లీషులో టైప్ చేసి, దాని పక్కన సింగిల్ కోట్స్‌లో కొత్త ఫైలు పేరు, పాత్ ఇచ్చి రన్ చేయండి. టేబుళ్ల నిర్మాణం, వరుసలు అన్నీ మామూలు టెక్స్ట్‌గా ఆ ఫైల్లోకి వస్తాయి. అందులో తెలుగు పేర్లు బ్యాక్‌స్లాష్, యు, నాలుగు అక్షరాల కోడ్‌లుగా కనిపిస్తాయి. డేటా పాడైందని టెన్షన్ పడొద్దు, పాత ఇంజిన్ యూనికోడ్‌ని అలాగే రాస్తుంది. ఇవికాక ప్రతి టేబుల్‌నీ కాల్క్ షీట్‌లోకి లాగి సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు)గా కూడా ఉంచుకోండి, అప్పుడు క్యారెక్టర్ సెట్ దగ్గర యూటీఎఫ్-8 ఉందో లేదో తప్పకుండా చూడండి, లేకపోతే తెలుగు అంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

ఇక డేటాను ఎక్కడికి మార్చాలి అంటే, నేను చెప్పేది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఉచిత డేటాబేస్ సర్వర్. మరియాడీబీ కూడా మంచిదే. ఒక్క కంప్యూటర్ మీద ఒక్కరే వాడినా సరే, ఈ రెండిటికీ బేస్‌లో సొంత కనెక్టర్ ఉంది, పాత ఇంజిన్‌కిలా జావా గొడవ ఉండదు (రిపోర్ట్ బిల్డర్‌కి మాత్రం జావా ఇంకా కావాలి). హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ 2ని విడిగా తగిలించుకునే దారీ ఉంది, కానీ ఆ కొత్త ఇంజిన్ ఉన్న జార్ (జావా ప్రోగ్రామ్) ఫైలుని లిబ్రేఆఫీస్ జావా సెట్టింగ్స్‌లోని క్లాస్ పాత్‌లో పెట్టాక పాత ఎంబెడెడ్ ఫైలు అసలు కాపీని తెరవకండి, కొత్త ఇంజిన్ తిరగరాసిన ఫైలుని పాతది మళ్లీ చదవలేదు.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఇన్‌స్టాల్ చేసి ఖాళీ డేటాబేస్ ఒకటి సృష్టించండి. ఉబుంటు వాడేవాళ్లు లిబ్రేఆఫీస్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డ్రైవర్ ప్యాకేజీని విడిగా వేసుకోవాలి. బేస్‌లో కొత్త ఫైలు తెరిచి "ఉన్న డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వు" అన్న ఆప్షన్ ఎంచుకుని, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని చెప్పి, డేటాబేస్ పేరు, సర్వర్ దగ్గర లోకల్‌హోస్ట్ (అంటే ఇదే కంప్యూటర్), పోర్ట్ 5432 ఇవ్వండి. ఇప్పుడు పాత ఫైలు, కొత్త ఫైలు పక్కపక్కన తెరిచి, పాత దాంట్లోని టేబుల్‌ని మౌస్‌తో పట్టుకుని కొత్త దాని టేబుళ్ల చోట వదలండి. వచ్చే విజార్డ్‌లో "డెఫినిషన్, డేటా" రెండూ ఎంచుకోండి, తొందరపడి నెక్స్ట్ కొట్టకుండా ప్రతి కాలమ్ రకం చూడండి, ముఖ్యంగా తేదీలు, డబ్బు అంకెలు.

కాపీ అయ్యాక చూడాల్సినవి ఉన్నాయి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. రెండు వైపులా వరుసల లెక్క ఒకటేనా? ప్రైమరీ కీ (ప్రతి వరుసనీ విడిగా గుర్తించే కాలమ్) ఉందా? ఆటోమేటిక్‌గా పెరిగే నంబరు కాలమ్ మామూలు అంకెల కాలమ్‌గా మారిపోతుంది, దాన్ని మళ్లీ ఆటో నంబరుగా సెట్ చేసి, చివరి నంబరు తర్వాతి దగ్గర్నుంచి మొదలయ్యేలా పెట్టాలి. లేదంటే కొత్త సభ్యుణ్ణి చేర్చగానే ఎర్రర్ వస్తుంది. టేబుళ్ల మధ్య రిలేషన్‌షిప్‌లు కూడా రావు, చేత్తో మళ్లీ కలపాల్సిందే.

ఫారమ్‌లని, క్వెరీలని కాపీ చేసి కొత్త ఫైల్లో పేస్ట్ చేయొచ్చు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో టేబుల్ పేరు ముందు పబ్లిక్ అని చేరుతుంది కాబట్టి ఫారమ్ ప్రాపర్టీస్‌లో డేటా ట్యాబ్‌కి వెళ్లి టేబుల్‌ని తిరిగి ఎంచుకోండి, సబ్‌ఫారమ్‌లకి కూడా. క్వెరీల్లో తేదీల ఫంక్షన్లు కొన్ని ఎర్రర్ ఇస్తాయి. ఉదాహరణకి రెండు తేదీల మధ్య రోజులు కావాలంటే పాత దాంట్లో డేట్‌డిఫ్ వాడేవాళ్లం, ఇక్కడ ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేస్తే చాలు.

ఇకమీదట బ్యాకప్ రెండు చోట్ల ఉంటుందని మర్చిపోవద్దు: ఫారమ్‌లు ఓడీబీలో, డేటా సర్వర్‌లో. ఓడీబీ ఒక్కటే కాపీ చేసుకుంటే డేటా రాదు, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌తో వచ్చే పీజీ డంప్ అనే బ్యాకప్ టూల్‌తో రోజూ ఒక ఫైలు తీసేలా షెడ్యూల్ పెట్టండి. పాత ఓడీబీని కనీసం కొన్ని నెలలు చెరపకుండా ఉంచండి.

ఈ పనిలో బేస్ బగ్ ఏదైనా కనబడితే లిబ్రేఆఫీస్‌ని నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్ వాళ్ల బగ్‌జిల్లా (బగ్గులు నమోదు చేసే సైటు)లో రాయండి, ముందుగా అదే బగ్ ఎవరైనా రాశారేమో వెతికి, ఉంటే మీ వెర్షన్‌లోనూ వస్తోందని అక్కడే చెప్పండి. అసలు మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసిన చిన్న నమూనా ఫైలు జతచేయండి, ఏ బటన్ తర్వాత ఏ బటన్ నొక్కితే వస్తోందో వరుసగా రాయండి. బేస్ మీద పనిచేసేవాళ్లు అతి కొద్దిమందే, ఆ కొద్దిమంది టైము బగ్‌ని వెతకడంలో కాకుండా సరిచేయడంలో గడవాలి.