తొలకరికి ముందే డాబా మీది కుండీలను సిద్ధం చేసుకోండి

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. నాలుగు చినుకులు పడగానే హనుమకొండ, కాజీపేట, వరంగల్ డాబాల మీద కొత్త కుండీలు కనిపిస్తాయి. మొదటిసారి పెంచేవాళ్లకు నీళ్లు చాలవేమో అన్న దిగులే ఎక్కువ. నిజానికి వానాకాలంలో కుండీ మొక్క ఎక్కువగా చచ్చిపోయేది నీళ్లు నిలిచి వేరు కుళ్లడం వల్లే. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వాన అక్కర్లేదు, మూడు రోజులు ముసురు పట్టినా లేత నారు మొదట్లోనే మెత్తబడి వాలిపోతుంది.

అందుకే విత్తనాలకంటే ముందు మట్టి సంగతి చూడండి. చెరువు మట్టి బలమైనదని సంచుల కొద్దీ తెచ్చి నింపుతుంటారు. పొలానికి అది మంచిదే. కుండీలో మాత్రం ఒట్టి చెరువు మట్టి తడిస్తే ముద్ద, ఎండితే రాయి. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపి, గుప్పెడు వేపపిండి వేయండి. పచ్చి పేడ వద్దు, ఆ వేడికి వేర్లు మాడతాయి. బకెట్ అడుగున చిటికెన వేలు దూరేంత రంధ్రాలు నాలుగైదు ఉండాలి. కింద ఇటుకలు పెడితే ఆ రంధ్రాలు మూసుకుపోవు, స్లాబు కూడా ఆరుతుంది.

బరువును చాలామంది పట్టించుకోరు. 20 లీటర్ల బకెట్ తడిమట్టితో 30 కిలోలు దాటుతుంది. వరసగా పెట్టేటప్పుడు స్లాబు నడిమధ్య కాకుండా, కింద గోడ లేదా బీము ఉన్న చోటే పెట్టండి. పిట్టగోడ మీద కుండీ పెట్టనే వద్దు. ఈదురుగాలికి వీధిలోకి పడితే ఎవరి నెత్తి మీద పడుతుందో చెప్పలేం.

ఇక ఏం వేయాలి? పుంటికూర, తోటకూర, తీగబచ్చలి. ఈ మూడింటితోనే మొదలుపెట్టమని గట్టిగా చెబుతాను. 8 అంగుళాల లోతున్న టబ్బు చాలు, నెల తిరిగేసరికి కూర చేతికొస్తుంది. పీకేయకుండా కొసలు తుంచుకుంటే మళ్లీ చిగురిస్తాయి. బచ్చలికి విత్తనం కూడా అక్కర్లేదు, ముదురు కాడ గుచ్చితే బతుకుతుంది. పుదీనా అయితే మార్కెట్ కట్టలోంచి నాలుగు కాడలు నీళ్లలో పెట్టి, వేర్లు వచ్చాక నాటుకోండి. దానికి వేరే కుండీ ఉండాలి, లేకపోతే పక్క మొక్కల చోటంతా ఆక్రమిస్తుంది. వాము ఆకును మాత్రం వాన నేరుగా పడని చోట ఉంచాలి.

కూరగాయల్లో బెండ, వంగ వేసుకోవచ్చు. వాటికి అడుగు లోతు కావాలి. బెండ ఆకుల ఈనెలు పసుపు పచ్చబడితే అది తెల్లదోమ తెచ్చిన వైరస్, దానికి మందు లేదు. మొక్కను పీకేసి మిగతావాటిని కాపాడుకోండి. కోతుల బెడద ఉన్న బస్తీల్లో వల కట్టేదాకా కాయల జోలికి పోకుండా ఆకుకూరలతోనే ఉండటం నయం.

కొత్తిమీర, మెంతికూర, పాలకూర, టమాట మీద ఎంత మోజున్నా ఇప్పుడు వద్దు. జోరువానకు కొత్తిమీర కుళ్లుతుంది, టమాటకు ఆకుమచ్చ తెగులు పడుతుంది. వాటిని అక్టోబరులో వేసుకోండి. చలికాలంలో మనవైపు అవి హాయిగా పెరుగుతాయి. చపాట మిర్చి పెంచాలనుకునేవాళ్లు జూలైలో నారు పోసుకుని, పైన వాన నేరుగా పడకుండా కవరు కట్టండి.

కొన్న విత్తనాలకు రంగు పూసి ఉంటే అది మందు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పిల్లలకు అందనివ్వొద్దు. పురుగు కనిపిస్తే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. కుండీల కింది పళ్లేలను వారానికి రెండుసార్లు బోర్లించండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలా నిలిచిన నీళ్లలోనే, వారం పది రోజుల్లో గుడ్డు కాస్తా దోమైపోతుంది. వానాకాలం మొత్తానికి ఆ పళ్లేలు తీసేస్తే మరీ మంచిది.