ఇంటి తోటలో పామ్ చెట్లు – 4వ పాఠం: పసుపెక్కింది ఏ మట్ట?

మూడో పాఠంలో గుంట తీసి, వేర్లు మొదలయ్యే చోటు నేల మట్టానికి సమానంగా ఉండేలా మొక్క నాటడం నేర్చుకున్నాం. నాటిన ఆరేడు నెలలకు మట్టలు పసుపెక్కడం మొదలవుతుంది. చాలామంది వెంటనే ఎరువుల కొట్టుకు వెళ్లి యూరియా తెచ్చి పాదులో పోస్తారు. చాలాసార్లు ఆ యూరియాతోనే చెట్టు ఇంకా దిగజారుతుంది. అందుకే ఈ పాఠంలో ముందు చెట్టును చూడటం నేర్చుకుందాం, ఎరువు సంగతి ఆ తర్వాత.

పామ్‌ కాండానికి పెరిగే చోటు ఒక్కటే, నడినెత్తిన ఉండే మొవ్వు. కొత్త మట్ట ఎప్పుడూ అక్కడి నుంచే వస్తుంది, పాతవి కిందికి జరుగుతాయి. కాబట్టి పై నుంచి కిందికి చూస్తే మట్టలు వయసు వరుసలో ఉంటాయి. నేలలో పొటాష్, మెగ్నీషియం, నత్రజని చాలకపోతే చెట్టు వాటిని పాత మట్టల్లోంచి లాగి మొవ్వుకు పంపుతుంది. అందువల్ల ఆ లోపాలు కింది మట్టల్లో ముందు కనిపిస్తాయి. మాంగనీసు, ఇనుము, బోరాన్ అలా కదలవు. వాటి లోపం కొత్త మట్టలోనే బయటపడుతుంది. ఈ ఒక్క నియమం పట్టుబడితే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే.

ముందు లెక్క రాయండి. విచ్చుకోని మొవ్వు సున్నా. పూర్తిగా విచ్చుకున్న కొత్త మట్ట ఒకటి. అక్కడి నుంచి కిందికి అంకెలు వేసుకుంటూ పోయి, ఏ అంకె దగ్గర రంగు మారిందో, ఆకు కొన దగ్గరా, అంచునా, మొత్తంగానా అన్నది నోటు పుస్తకంలో రాసుకోండి. రాయల్ పామ్‌ ఎదిగితే సుమారు 15 మట్టలు ఉంటాయి. ఫాక్స్‌టెయిల్‌కు ఎనిమిది నుంచి పది. బాటిల్ పామ్‌కు నాలుగు నుంచి ఆరు మాత్రమే, అందుకే దానికి ఒక మట్ట పోయినా పెద్ద నష్టం. అడుగున ఉన్న ఒకే ఒక మట్ట నిదానంగా పండి రాలితే అది వయసు, రోగం కాదు. రెండు మూడు వరుసలు ఒకేసారి మారితేనే మనకు పని.

పాత మట్టలు

మన తీరంలో ఎక్కువగా కనిపించేది పొటాష్ లోపం. మైపాడు, కావలి, సింగరాయకొండ, కొత్తపట్నం వైపు ఇసుక నేలలు పోషకాలను పట్టి ఉంచలేవు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు–డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. ఆ వానలకు పాదులో వేసినదంతా కిందికి దిగిపోతుంది. సంక్రాంతి తర్వాత కింది మట్టలు ఒక్కసారిగా మారినట్టు కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

గుర్తు పట్టే తీరు ఇది. కింది మట్ట నుంచి ఒక ఆకు తుంచి ఎండకు ఎదురుగా పట్టుకోండి. అరికా పామ్‌లో అయితే నారింజ పసుపు రంగు సన్నటి చుక్కలు, వెలుతురు దూరే మచ్చలు కనిపిస్తాయి. రాయల్ పామ్‌లో చుక్కల కంటే ఆకు కొనలు ఎండి ముడుచుకోవడం ఎక్కువ. రెండింటిలోనూ మట్ట మొదలు కంటే కొసన దెబ్బ ఎక్కువగా ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మాంగనీసు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మెగ్నీషియం లోపంలో మచ్చలు ఉండవు. మట్ట నడుమ పచ్చగా ఉండి, అంచు పొడవునా వెడల్పాటి నిమ్మపండు రంగు పట్టీ వస్తుంది. ఈత జాతి అలంకరణ పామ్‌లలో, అంటే పొట్టి ఖర్జూరం, కానరీ ఖర్జూరం లాంటివాటిలో, ఇది బాగా స్పష్టంగా తెలుస్తుంది. నత్రజని లోపంలో చుక్కలూ పట్టీలూ లేకుండా మట్ట మొత్తం ఒకే తీరుగా వెలిసిపోతుంది. ఇది నేలలో నాటిన వాటికంటే కుండీల్లో ఎక్కువ.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పసుపెక్కిన మట్టను కొయ్యకండి. అందులో మిగిలిన పొటాష్‌ను చెట్టు ఇంకా తోడుకుంటూనే ఉంటుంది. దాన్ని కోసేస్తే చెట్టు పై వరుసలో చెయ్యి పెడుతుంది, ఆ వరుసా పసుపెక్కుతుంది. అందం కోసం అని పండుగకు ముందు మట్టలన్నీ నరికి, నెత్తిన నాలుగు చీపురుకట్టల్లా వదిలే పద్ధతి చెట్టును నీరసపరుస్తుంది. పచ్చి కోత వాసనకు ఎర్రముక్కు పురుగు కూడా వస్తుంది. పూర్తిగా గోధుమరంగుకు ఎండిన మట్టనే తియ్యాలి. రాయల్, ఫాక్స్‌టెయిల్ వాటంతట అవే రాలుస్తాయి, కత్తి అవసరమే లేదు. మిగతావాటికి కోస్తే కాండానికి గాటు పడకుండా చూడండి. పామ్‌ కాండం మీద పడిన గాయం పూడదు, ఎన్నేళ్లయినా అలాగే ఉంటుంది. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్లేటప్పుడు కత్తిని స్పిరిట్‌తో తుడవండి.

మందు లెక్క

పొటాష్ లోపం ఉన్న చెట్టుకు ఒక్క నత్రజని వేస్తే కొత్త పెరుగుదల పుంజుకుని, ఉన్న కాస్త పొటాష్ కూడా దానికే ఖర్చవుతుంది. పాఠం మొదట్లో చెప్పిన యూరియా నష్టం ఇదే. లాన్‌ మధ్యలో నాటిన పామ్‌లకు ఈ దెబ్బ ఎక్కువ, గడ్డి కోసం చల్లే యూరియా వాటికీ అందుతుంది కాబట్టి. అలాగని ఒక్క పొటాష్ వేసుకుంటూ పోతే మెగ్నీషియం లోపం తెచ్చిపెట్టుకున్నట్టే. మూడూ కలిపి వెయ్యాలి.

చెట్టు గొడుగు, అంటే మట్టలు పరుచుకున్న మేర, కింద సుమారు మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు నేలకు ఒక విడత: యూరియా 60 గ్రాములు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 90 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 150 గ్రాములు. ఆరు వారాలకోసారి. చిన్న మొక్క అయితే గొడుగు విస్తీర్ణాన్ని బట్టి తగ్గించుకోండి. కొట్లో చవగ్గా దొరికేది ఎర్ర పొటాష్, అంటే మ్యూరేట్. మంచినీళ్లు పారే తోటలో అది 75 గ్రాములు చాలు, ఏ ఇబ్బందీ ఉండదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మాత్రం దాంట్లోని క్లోరైడు నేలలో ఇంకా ఉప్పు పెంచుతుంది కాబట్టి సల్ఫేట్ రూపమే కొనండి.

కాండానికి ఒక అడుగు దూరం వదిలి, గొడుగు అంచు దాకా సమంగా చల్లి, నీళ్లు పెట్టండి. కాండం మొదట్లో కుప్పగా పోస్తే కొత్త వేర్లు కాలిపోతాయి. గట్టి వానలు పడే నవంబరులో విడత ఆపి, వానలు తెరిపిచ్చాక వెయ్యండి. రోహిణి కార్తెలో నేల తడి లేకుండా వెయ్యవద్దు.

ఒకసారి మచ్చపడిన మట్ట మళ్లీ పచ్చబడదు. కొత్త మట్టలు వచ్చి గొడుగంతా మారడమే కోలుకోవడం. దానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. మధ్యలో ఫలితం లేదని మోతాదు రెట్టింపు చెయ్యకండి.

కొత్త మట్టలు

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో కథ మారుతుంది. సున్నం ఎక్కువున్న క్షార నేలలో మాంగనీసు ఉన్నా వేర్లకు అందే రూపంలో ఉండదు. కొత్త మట్ట పొట్టిగా, కాల్చినట్టు ముడుచుకుని వస్తుంది. ఇక్కడ దెబ్బ మట్ట మొదట్లో ఎక్కువ, కొసన తక్కువ. పొటాష్‌కు సరిగ్గా తిరగేసి ఉంటుంది. రాయల్ పామ్‌, పొట్టి ఖర్జూరం దీనికి త్వరగా లొంగుతాయి. పట్టించుకోకపోతే మొవ్వు చచ్చి చెట్టు పోతుంది, అందుకని ఆలస్యం పనికిరాదు. లీటరు నీటికి మూడు గ్రాముల మాంగనీస్ సల్ఫేట్ కలిపి కొత్త మట్టలు తడిసేలా సాయంత్రం పిచికారీ చెయ్యండి. నేలలో వెయ్యడానికి, చిన్న చెట్టుకు అదే మాంగనీస్ సల్ఫేట్ 200 గ్రాములు గొడుగు కింద చల్లండి. మంచి మట్ట రావడానికి మూడు నుంచి ఆరు నెలలు చూడాలి. ప్రహరీ పక్కనే నాటిన చెట్టుకు మాత్రమే ఇలా ఉంటే అక్కడ తవ్వి చూడండి. ఇల్లు కట్టినప్పుడు పూడ్చిన సిమెంటు పెళ్లలు, సున్నం దొరకవచ్చు. వాటిని తీసెయ్యకుండా మందు ఎంత వేసినా వృథా.

కొత్త మట్ట ముడుచుకోకుండా, ఆకారం బాగుండి, రంగు మాత్రం పాలిపోయి వస్తే ఇనుము. అయితే ఇనుము మందు కొనకముందు మొక్క మొదలు తవ్వండి. లోతుగా నాటినా, తర్వాత ఆవరణ ఎత్తు చెయ్యడానికి ఎర్ర గ్రావెల్ పోసినా వేర్లకు గాలి ఆడదు, ఇనుము తీసుకునే శక్తి పోతుంది. పై మట్టి తీసి వేర్లు మొదలయ్యే చోటు బయటపెట్టండి. రేగడిలో నీళ్లు నిలుస్తుంటే కాలువ తియ్యండి. చాలా చెట్లకు అసలు వైద్యం ఇదే.

మట్ట కొస కొక్కెంలా వంగినా, ఆకులు మడతలు పడి వచ్చినా, మొవ్వులు విచ్చుకోకుండా రెండు మూడు నిలబడినా బోరాన్. 50 గ్రాముల బోరాక్స్ పది లీటర్ల నీళ్లలో కరిగించి పెద్ద చెట్టు పాదులో ఒక్కసారి పొయ్యండి. ఐదు నెలల లోపు రెండోసారి వద్దు. బోరాన్ కొంచెం ఎక్కువైనా విషమే.

పోషకం కానివి

మట్టలో కత్తెరతో వి ఆకారంలో కత్తిరించినట్టు ఉంటే కొమ్ము పురుగు. ఆకు అడుగున తెల్లటి మైనపు చుట్టలు, కింది వరుస ఆకుల మీద నల్లటి మసి ఉంటే సర్పిలాకార తెల్లదోమ. ఇది మన దేశంలో 2016లో కనిపించింది, కొబ్బరి నుంచి అరికా, బాటిల్ పామ్‌లకూ పాకింది. వయసుతో సంబంధం లేకుండా అన్ని మట్టల కొనలూ గోధుమరంగుకు మాడితే ఉప్పు నీళ్లు. అప్పుడు రోజూ కొంచెం కొంచెం కాకుండా నాలుగు రోజులకోసారి నిండుగా పెట్టి ఉప్పును వేర్ల కిందికి దింపాలి. రేగడిలో మాత్రం నీళ్లు బయటికి పోయే దారి ఉంటేనే ఇలా చెయ్యండి. చివరగా మొవ్వును మెల్లగా పట్టి లాగండి. ఊడి చేతికొచ్చి కుళ్లు వాసన వేస్తే ఈ పాఠంలోని ఎరువులేవీ పనిచెయ్యవు. అది మొవ్వు కుళ్లు. కుళ్లిన భాగం శుభ్రం చేసి, ఒక శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగులు మందు) మొవ్వులో పొయ్యండి.

ఐదో పాఠానికి అభ్యాసం: మీ తోటలోని ప్రతి పామ్‌కూ మట్టల లెక్క, రంగు మారిన అంకె, నేల రకం, నీళ్ల రుచి రాసి ఉంచుకోండి. ఒక పాత మట్ట ఆకు, ఒక కొత్త మట్ట ఆకు పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకోండి. బోర్డో మిశ్రమం కలిపే పద్ధతి, కొమ్ము పురుగుకు మట్ట సందుల్లో వేపపిండి, ఇసుక నింపడం ఐదో పాఠంలో చేస్తాం. అందుకు వేపపిండి అరకిలో, అంతే కొలత సన్న ఇసుక సిద్ధం చేసుకోండి.