వానాకాలం రివ్యూలకు ముందు: చార్టు గీసేవాళ్లకు జాగ్రత్తలు

మొన్నటి రివ్యూలో జరిగిన సంగతి ఇది. ఆఫీసు పేరెందుకు గానీ, మా రాయగడ జిల్లాలోనే. దమన్ (ఒడిశా ప్రభుత్వ మలేరియా నిర్మూలన కార్యక్రమం) శిబిరాల లెక్కలు కాలమ్ చార్టులో పెట్టారు. నీలం కడ్డీ రక్తపరీక్షలు, ఎరుపు కడ్డీ మలేరియా పాజిటివ్‌లు. తెర మీద ఒక పంచాయతీ దగ్గర ఎరుపు నీలాన్ని దాటి నిలబడింది. పరీక్షలకంటే పాజిటివ్‌లు ఎక్కువెలా అవుతాయని ఒక్కరూ అడగలేదు. సాయంత్రానికల్లా జీపు, మందుల పెట్టె, ఇద్దరు మనుషులు కొండెక్కారు. వెళ్లి చూస్తే ఏటా ఉండే లెక్కే. చార్టు గీసిన కుర్రాడికి మాత్రం మెమో వచ్చింది.

చార్టు గీయడం మీకు తెలుసు, దాని జోలికి పోను. నేను చెప్పేది ముఖ్యంగా ఒక్కటే: రెండు సీరీస్‌లూ కడ్డీలుగా ఉన్నప్పుడు ఒకదాన్ని కుడివైపు వేరే కొలతకు, అంటే సెకండరీ యాక్సిస్‌కి పంపకండి.

ఎందుకు పంపుతారో నాకూ తెలుసు. 2017లో మొదలైన దమన్‌లో జ్వరం ఉన్నా లేకున్నా ఊరందరికీ పరీక్ష చేస్తారు. కాబట్టి పరీక్షలు వేలల్లో, పాజిటివ్‌లు పదుల్లో ఉంటాయి. ఒకచోట 2,400 పరీక్షలు, 18 పాజిటివ్‌లు అనుకోండి. ఒకే కొలత మీద 18 గీతంత కూడా కనబడదు. టెన్షన్ వస్తుంది. రైట్ క్లిక్, ఫార్మాట్ డేటా సీరీస్, సెకండరీ యాక్సిస్. అమ్మయ్య, కనబడింది! కానీ ఇప్పుడు ఎడమ కొలత 0 నుంచి 3,000, కుడి కొలత 0 నుంచి 20. పద్దెనిమిది పదింట తొమ్మిది వంతుల ఎత్తుకు ఎక్కింది, 2,400 ఎనిమిది వంతుల దగ్గరే ఆగింది.

అంతటితో అయిపోలేదు. సెకండరీకి వెళ్లిన కడ్డీలను ఎక్సెల్ పక్కన పెట్టదు, అప్పటికే ఉన్న కడ్డీల మీదే గీస్తుంది. ఎరుపు పొడుగైతే నీలం మొత్తం మాయం. పొట్టిదైతే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. సీరీస్ ఓవర్‌ల్యాప్ ఎంత జరిపినా లాభం లేదు, అది ఒకే యాక్సిస్ మీదున్న సీరీస్‌ల మధ్యే పనిచేస్తుంది. గ్యాప్ విడ్త్ మార్చి ఎరుపును సన్నం చేస్తే రెండూ కనబడతాయి. లిబ్రేఆఫీస్‌లోనైతే కడ్డీలను పక్కపక్కన చూపే టిక్కు ఒకటి ఉంది. కానీ రెండిట్లోనూ ఎత్తుల అబద్ధం ఎక్కడికీ పోదు. కుడివైపు అంకెలు చదివి పోల్చుకునే ఓపిక రివ్యూలో ఎవరికుంటుంది?

బదులు ఏం చేయాలంటే, నా ఓటు రెండు చార్టులకు. ఒకదాని కింద ఒకటి, పంచాయతీల వరుస మాత్రం మారకూడదు. అంతకంటే మంచిది వెయ్యి పరీక్షలకు ఎన్ని పాజిటివ్‌లో లెక్కగట్టడం. 2,400కి 18 అంటే వెయ్యికి ఏడున్నర. అధికారికి కావలసింది అదే, అడగడం రాదంతే. ఒకే చార్టు కావాలని పట్టుబడితే పాజిటివ్‌లను కాంబో చార్టులో (కడ్డీలతో పాటు) చుక్కలుగా పెట్టండి. చుక్కల్ని గీతతో కలపకండి. గీత నెలలకు బాగుంటుంది గానీ పంచాయతీలకు కాదు. లాగ్ స్కేల్ (మెట్టు మెట్టుకూ పదింతలయ్యే కొలత) వద్దు.

షీటు దగ్గర రెండు జాగ్రత్తలు. సంవత్సరాల వరుస ఉంటే ఎడమ పై మూల గడి ఖాళీగా వదలండి. అక్కడ ‘సంవత్సరం’ అని రాస్తే ఎక్సెల్ 2023, 2024లను కూడా లెక్కలే అనుకుని రెండువేల ఎత్తు కడ్డీలు లేపుతుంది. వాట్సాప్‌లో వచ్చిన అంకెలు అతికించాక గడిలో ఎడమకు అంటుకుని ఉన్నాయేమో చూడండి. ఉంటే అవి అక్షరాలుగా పడ్డాయి, కడ్డీ సున్నా అవుతుంది.

ఇక మిగతావి:

‘మొత్తం’ (టోటల్) అని ఉండే వరుసను చార్టులోకి లాగకండి. ఆ ఒక్క కడ్డీ మిగతా అన్నిటినీ మింగేస్తుంది.

కడ్డీలు సున్నా నుంచే మొదలవ్వాలి. పెద్ద విలువకీ చిన్న విలువకీ తేడా పెద్దదానిలో ఆరో వంతుకు లోపుంటే ఎక్సెల్ తనంతట తానే సున్నా ఎగరగొడుతుంది. 960, 1,000 పెట్టి చూడండి, సగానికి సగం తేడా ఉన్నట్టు కనబడొచ్చు. మినిమమ్‌లో 0 మీరే కొట్టండి.

త్రీడీ వద్దు.

మూడు సీరీస్‌లు దాటొద్దు.

ఫిల్టర్ వేసి వరుసలు దాస్తే చార్టులోంచీ పోతాయి. ఫిల్టర్ తీసి మళ్లీ చూడండి.

ఎరుపు, నీలం జిరాక్స్‌లో ఒకే బూడిద రంగు. ఒకటి ముదురు, ఒకటి లేత పెట్టండి.

సెకండరీ యాక్సిస్ మీద కడ్డీలు పెట్టొద్దు. బడబాబు (హెడ్ క్లర్కు) అడిగినా పెట్టొద్దు. పోయినేడాది ఫైల్లో అలాగే ఉందన్నా పెట్టొద్దు.

ఏదీ కుదరకపోతే చార్టు మానేసి పట్టిక ఇవ్వండి. మనకున్నవి 11 బ్లాకులు. ఒక్క పేజీలో పట్టేస్తుంది.